బావి మీది దుకాణం

ఇబ్రహీంపట్నం బజారులో ఇప్పుడా మేడ లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు సగం పోయింది, మిగిలిన సగాన్ని వారసులే పడగొట్టుకున్నారు. పాతవాళ్లను కదిలిస్తే తలా ఒక కథ చెబుతారు. పైన నిజాం అధికారులు దిగేవారని ఒకరు, గోడల్లో బంగారం దాచారని ఇంకొకరు. బంగారం సంగతి నాకు తెలియదు. ఆ గోడ మీద ఒక గాజు ముక్క మాత్రం ఉండేది. దాని సంగతి పూర్తిగా తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ మేడను కట్టింది మా బాపు. కట్టించింది బట్టల సేఠు. సేఠు ఒకప్పుడు బట్టల మూటలు ఎద్దుబండి మీద వేసుకుని ఊరూరా తిరిగి పైకొచ్చిన మనిషి. బజారంతా పెంకుల దుకాణాలుంటే తనకు మాత్రం మేడ కావాలనుకున్నాడు. కింద రోడ్డు వైపు ఐదు దుకాణాలు, పైన ఒకటే పెద్ద హాలు. టేకు దూలాలు, వాటి మీద షాబాదు బండలు, బండల మీద గానుగలో నూరిన సున్నం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సంతకొచ్చి దాన్ని తలెత్తి చూసిపోయేవారు. నేను పుట్టిన ఏడే అది లేచింది. అందుకని మా అమ్మ నన్ను మేడకు చెల్లెలివని ఏడిపించేది.

అయితే ఆ జాగాలో నడిమధ్యన ఒక పాడుబావి ఉండేది. దాన్ని రాళ్లతో, మొరంతో పూడ్చారు. పూడ్చిన నేల ఒక వానాకాలం నీళ్లు తాగాలి, కుంగాల్సినంత కుంగాలి, ఆ తర్వాతే దాని మీద పునాది వెయ్యాలి. ఇది మా తాతల నుంచి వస్తున్న పద్ధతి. సేఠుకు ఆగే తీరిక లేదు. ఆ ఏడే కూతురి పెళ్లి, వచ్చే చుట్టాలను పైన హాల్లో దించాలని ఆయన ముచ్చట. బాపు వద్దన్నాడు. కానీ ఒక్కసారే వద్దన్నాడు. గట్టిగా ఇంకోసారి అనలేకపోయానని ఆయన ముసలితనంలో కూడా నొచ్చుకునేవాడు.

పెళ్లి బాగానే జరిగింది. దుకాణాలు నాలుగు చిటికెలో నిండాయి. నడిమిది, బావి మీద వచ్చినది, ఎవరూ తీసుకోలేదు. బావిలో దయ్యముందన్నారు కొందరు, గోడ నిలవదన్నారు కొందరు. సేఠు ముఖం చిన్నబోయింది. అప్పుడు బాపు, ఆ దుకాణం మాకివ్వమని తానే అడిగాడు. నేను కట్టిన దాని కింద నా భార్య కూర్చుంటుందని బజారులో నలుగురి ముందు చెప్పాడు. అలా మా అమ్మ అక్కడ గాజుల దుకాణం పెట్టింది. మేస్త్రీ మాట నిలబెట్టుకోవడానికి పెళ్లాన్ని తీసుకెళ్లి బావి మీద కూర్చోబెట్టాడన్నమాట! ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావాలి. నాకు రాదు.

మూడో వానాకాలంలో గోడ చీలింది. పెద్ద పగులేం కాదు, వెంట్రుకంత గీత. మా దుకాణం వాకిలికి పైన మొదలై, పై హాలును మోసే పెద్ద దూలం కొస వైపు ఏటవాలుగా పోయింది. బాపు ఎవరికీ చెప్పలేదు. అమ్మ బుట్టలోంచి ఒక పచ్చగాజు తీసి, విరిచి, వేలెడు ముక్కను ఆ గీతకు అడ్డంగా పెట్టి రెండు కొసలా సున్నంతో అతికించాడు. ఇదెందుకని అమ్మ అడిగితే దిష్టికి అన్నాడు. అసలు సంగతి చెబితే ఆమె ఆ దుకాణంలో ఒక్క గడియ కూర్చోదని ఆయనకు తెలుసు. అమ్మ నమ్మింది. మొగుడు తన చేత్తో పెట్టిన గాజు కదా, శుక్రవారం శుక్రవారం దానికి పసుపు బొట్టు కూడా పెట్టేది.

నాకు ఎనిమిదేళ్లొచ్చాక అసలు సంగతి నాకు చెప్పాడు. అప్పటికే సున్నం చిందీ చిందీ ఆయన కళ్లు మసకబారాయి. మనుషులను పోల్చుకునేవాడు గాని, అంత ఎత్తున గాజు ముక్క ఆయనకు ఆనేది కాదు. ఒక పొద్దున అమ్మ నీళ్లకు పోయినప్పుడు నన్ను భుజం మీదికి ఎత్తుకుని ఆ ముక్కను చూపించాడు.

"గాజుకు అబద్ధమాడుడు రాదు బిడ్డా. గోడ వెంట్రుకంత జరిగినా ఇది పుటుక్కున తెగుతది. తెగిన నాడు నాకు చెప్పాలె. అమ్మకు చెప్పకు, ఉత్తగ బుగులు పడ్తది."

ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదిలో నాకే పెద్ద ఉద్యోగం. మొదటి ఏడాది దేవుణ్ణి చూసినట్టు చూశాను. దానికి ముందు మలారాలు, అంటే తాళ్లకు గుచ్చిన గాజుల గుత్తులు, వేలాడుతుండేవి. వాటిని కర్రతో పక్కకు తప్పించి మరీ చూసేదాన్ని. వాన పడిన రోజు రెండుసార్లు. కలలో కూడా అది తెగినట్టే వచ్చేది, లేచి ఏడ్చేదాన్ని. సాయంత్రం బాపు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, "గాజెట్లున్నది బిడ్డా?" అనేవాడు. "మంచిగున్నది బాపు" అనేదాన్ని. ఆ ఒక్క మాటకు ఆయన భుజాలు కిందికి దిగేవి.

రెండో ఏడు కర్ర పట్టడం మానేశాను. మూడో ఏడు తలెత్తడం కూడా మానేశాను. అన్నాళ్లు తెగనిది ఈ రోజే తెగుతుందా అనుకున్నాను. సాయంత్రం జవాబు మాత్రం తప్పలేదు. అలవాటైన నోరు ఆగదు కదా.

అప్పుడొచ్చింది ఆ చివరి వానాకాలం. నిజాం రాజ్యం ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియని రోజులు. బాపు ఆషాఢంలో హైదరాబాదు పోయాడు, అక్కడ ఒక హవేలీ ప్రహరీ కూలితే కట్టడానికి. పదిహేను రోజుల పని అన్నాడు. శ్రావణం దాటింది, మనిషి రాలేదు, కబురు రాలేదు. బస్సులు ఆగిపోయాయి. హయత్‌నగర్ దాటి వచ్చినవాడు కనబడితే చాలు, అమ్మ దుకాణం దిగి రోడ్డు మీదికి పరుగెత్తేది. ఒకడు పట్నంలో అంతా నిమ్మళమేనంటాడు. ఇంకొకడు పోయినవాళ్లు పోయినట్టేనంటాడు. గాజులు వేయించుకోవడానికి వచ్చేవాళ్లు తగ్గారు. అమ్మ రోజంతా ఖాళీ చేతులతో కూర్చుని వాకిలి వైపు, గోడ వైపు చూస్తుండేది. నేను ఆమె మొహం చూసేదాన్ని. గోడను చూడలేదు.

బాపు ఒక మధ్యాహ్నం నడిచి వచ్చాడు. కాళ్లు పొంగి, గడ్డం పెరిగి, వీపు మీద తాపీ సంచితో. అమ్మ ఏడవలేదు, నీళ్లు కాచింది. సాయంత్రం కాళ్లకు ఆముదం రాయించుకుంటూ అదే ప్రశ్న అడిగాడు. నేను అదే జవాబు చెప్పాను.

కొద్ది రోజులకే సర్కారు మారిందని వార్త వచ్చింది. అంతవరకు కొన్ని ఇళ్లలో ఉన్న భయం ఇప్పుడు ఇంకొన్ని ఇళ్లకు మారింది. అది లేని ఊరు మాత్రం లేదు. చుట్టుపక్కల చిన్న ఊళ్లలో ఒకటీ రెండూ ముస్లింల ఇళ్లు ఉంటే, వాళ్లు మూటాముల్లె కట్టుకుని సేఠు మేడ కాడికి రావడం మొదలుపెట్టారు. దూదేకులవాళ్లు, కౌలుకు దున్నుకునేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు. పిల్లలు, బాలింతలు, ముసలివాళ్లు. వాళ్లెవరూ ఎవరికీ కీడు చేసినవాళ్లు కాదు. కానీ ఏ దారిన ఏ గుంపు వస్తుందో, వచ్చిన గుంపు ఎవరి కోపం ఎవరి మీద తీర్చుకుంటుందో చెప్పేవాడు లేడు.

సేఠు మా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనక రోడ్డు మీద ఆ జనమంతా. పైన ఇంతమందిని ఉంచవచ్చా అని బాపును అడిగాడు. ఆ హాల్లో అప్పటికే బట్టల మూటలున్నాయి. బాపు మసక కళ్లతో ఒకసారి గోడ వైపు చూశాడు, చూసి లాభం లేదని నా వైపు తిరిగాడు.

"ఇయ్యాల చూసినవా బిడ్డా?"

"చూసిన."

"ఏ రంగున్నది చెప్పు?"

ఆయన ఎన్నడూ రంగు అడగలేదు. నేను నిజంగా చూశానో లేదో తేల్చుకోవాలనే ఆనాడు అడిగాడు. గాజు నా తల మీదే ఉంది. మలారాల వెనక ఉంది. కర్ర చేతికందే దూరంలోనే ఉంది. ఇప్పుడు తలెత్తితే, ఇంతసేపూ చూడలేదని తెలిసిపోతుంది. నేను తలెత్తలేదు.

"పచ్చది బాపు. మంచిగున్నది."

బాపు ఊపిరి వదిలాడు. "ఎక్కుమనుండ్రి సేఠ్" అన్నాడు.

వాళ్లు ఒకరి వెనక ఒకరు మెట్లెక్కారు. చాలాసేపు ఎక్కుతూనే ఉన్నారు.

మర్నాడు పొద్దున దుకాణం తలుపు పలకల్లో ఒక్కటి మాత్రం తీసి, అమ్మా నేనూ లోపల కూర్చున్నాం. పైన అడుగుల చప్పుడు, పిల్లల ఏడుపు, ఎవరో దగ్గు. అమ్మ గాజుల మీది దుమ్ము తుడుస్తూ మాటల్లో పడింది. బాపు లేనప్పుడు తాను పడ్డ బాధంతా చెప్పుకొచ్చింది. చెబుతూ చెబుతూ పైకి చూసి దండం పెట్టింది.

"గా గాజు మల్ల పెట్టినంకనే మీ బాపు మర్లొచ్చిండు. శ్రావణం ఆఖర్ల ఒక పొద్దు చూస్తే రెండు తునకలై ఉన్నది. నా పానం పోయినంత పనైంది. మొగడు దూరముండంగ ఆయన పెట్టిన గాజు పలిగి కనబడొచ్చునా? ఎవ్వరు చూడకముందే గీకి పారేసి, నా చేతిది తీసి ఎర్రది పెట్టిన. ఇగో, నాలుగొద్దులకు మనిషి ఇల్లు చేరిండు."

నేను తలెత్తి చూశాను. ఎన్ని నెలల తర్వాతో! మలారాల సందున ఎర్రగాజు ముక్క కనబడింది. పసుపు బొట్టుతో, చెక్కుచెదరకుండా, నిమ్మళంగా.

గోడ కదిలింది. వానలకు కింద బావి కుంగింది, గాజు తన పని తాను చేసింది, చెప్పాల్సిన రోజున చెప్పింది. వినాల్సినదాన్ని నేను వినలేదు. ఈ ఎర్రగాజు అతికించిన రోజు నుంచి ఏమైందో అదొక్కటే చెప్పగలదు, అంతకుముందు ఎంత జరిగిందో దానికేం తెలుసు? పైన ఇప్పుడు అంతమంది బరువు. సరిగ్గా ఆ గోడే మోస్తోంది. అప్పుడే పైన ఎవరో చాప దులిపారో ఏమో, దూలం సందులోంచి చిటికెడు సున్నం రాలి అమ్మ కొప్పు మీద పడింది. ఆమె చూసుకోలేదు.

చెప్పాలి. చెబితే సేఠు వాళ్లను దించుతాడు. దించితే ఎక్కడికి పోతారు? వాళ్లు పారిపోయి వచ్చిన రోడ్డు మీదికే. చెప్పకపోతే బండలు కూలతాయి, కింద మేమూ పోతాం. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, మాకు నుయ్యి కిందే ఉంది. ఇదంతా ఆలోచించానని చెప్పుకోవడం బాగానే ఉంటుంది. నిజం ఒప్పుకోవాలంటే, వీటన్నిటికంటే నాకు ముందు తోచింది ఇంకొకటి. పచ్చది అని చెప్పాను కదా, బాపుకు తెలిసిపోతుంది. ఆ భయంతోనే తేలు కుట్టిన దొంగలా పొద్దెక్కేదాకా కూర్చున్నాను. పైన ఒక పిల్లాడు గెంతినప్పుడల్లా నా గుండె గెంతేది.

చివరికి ఆగలేకపోయాను. కానీ బాపు దగ్గరికి పోలేదు. "అమ్మా, గది దిష్టికి పెట్టింది కాదు. గోడ కదుల్తదా లేదా చూసెటందుకు బాపు పెట్టిండు. నువ్వు మార్చినవని బాపుకు చెప్పు" అన్నాను. అమ్మ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. చెంగు నెత్తిన వేసుకుని బయటికి పోయి, పైవాళ్లకు నీళ్ల కుండలు మోస్తున్న బాపును పిలుచుకొచ్చింది.

తప్పంతా తనదేనని చెప్పింది. గాజు పగిలింది తానే చూశానని, తానే మార్చానని, ఎర్రది పెట్టానని. బాపు వింటూ వింటూ ఎర్రది అన్న మాట దగ్గర నా వైపు తిరిగాడు. ఆ మసక కళ్లకు నా ముఖం ఎంత కనబడిందో తెలియదు. తిరిగి అమ్మతోనే మాట్లాడాడు.

"నువ్వు పెట్టింది గోడకు కాదు, నా పానానికి. దిష్టికని చెప్పింది నేను. నిన్నేమని అనాలె?"

ఆ మాటకు అమ్మ అప్పుడు ఏడ్చింది. అంతకాలం ఏడవనిదంతా ఏడ్చింది.

బాపు సేఠును పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. గాజు సరిగ్గా చూడకుండా మాట ఇచ్చానని, తప్పు తనదేనని. నా పేరు ఎత్తలేదు, అమ్మ పేరూ ఎత్తలేదు. సేఠు గోడకు చెయ్యి ఆనించి చూశాడు. వాళ్లను దించమంటావా అన్నాడు. దించమనడానికి తనకు నోరు రావడం లేదన్నాడు బాపు.

"బయట ఏమైతదో మనకెరుకే, మేస్త్రీ" అన్నాడు సేఠు. "లోపల ఏమైతదో ఎరుక లేదు. ఎరుక లేందే మేలు. ఏం చెయ్యాల్నో చెప్పు."

ఆ రోజు బాపు చేసినంత పని ఆయన జన్మలో చెయ్యలేదు. మా దుకాణం ఖాళీ చేయించాడు. తొందరలో ఒక బుట్టెడు గాజులు పగిలినా అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. పెద్దచెరువు కాడి బెస్తవాళ్లు తాటిమొద్దులు భుజాన మోసుకొచ్చారు. ఎవరి కోసమో తెలిసే మోసుకొచ్చారు, పట్టపగలు, బజారంతా చూస్తుండగా. దూలం కొస కింద రెండు, నడిమిన ఒకటి ఆసరాగా నిలబెట్టి, కింద బండలు వేసి, సందుల్లో చెక్క చీలికలు కొట్టి బిగించారు. బట్టల మూటలన్నీ కిందికి దించారు. తర్వాత బాపు సున్నం చట్టి పట్టుకుని పైకెక్కి, హాలు నేల మీద చుట్టూ ఒక గీత గీశాడు. గీతకు గోడ వైపు మాత్రమే కూర్చోవాలి, నడిమికి ఎవరూ పోకూడదు. నడిమి దూలానికి ఒక బాలింత చీరతో ఉయ్యాల కట్టుకుంది. ఆయనే దాన్ని విప్పి ఆమె ఒళ్లో పెట్టి, తల దించుకుని దిగివచ్చాడు.

నేను ఎవరూ చెప్పకుండానే పైకి పోయి ఆ గీత దగ్గర కూర్చున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను. గోడ పొడుగునా మనుషులు మోకాళ్లు ముడుచుకుని ఆనుకుని ఉన్నారు, నడిమి జాగా అంతా ఖాళీ. పెద్దవాళ్లు ఉండగలరు, పిల్లలను పట్టడమే కష్టం. నాకొచ్చిన ఆటలన్నీ ఆడించాను, అచ్చంగిల్లాలు, గవ్వలు, అన్నీ కూర్చుని ఆడేవే. రెండోరోజు పగటిపూట మూడేళ్ల పిల్ల ఒకతి నా చేతికింద నుంచి జారి, తల్లి అటు గోడకు ఉందని నడిమి నుంచే పరుగెత్తింది. ఆ చిన్న పాదాలకు ఏ బండ కదులుతుంది? అయినా హాలంతా ఊపిరి బిగబట్టింది. పిల్ల అటు చేరి, అందరూ తననే చూస్తున్నారని మురిసిపోయి చప్పట్లు కొట్టింది. ఒక ముసలమ్మ నోట్లో దువా ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆమె ఎదుట నేను తలెత్తలేకపోయాను.

గోడ నిలిచింది. ఐదోనాడు ఊరి పెద్దలు వచ్చి దారులు నిమ్మళించాయని, ఎవరి ఊళ్లకు వాళ్లను దగ్గరుండి తీసుకుపోతామని చెప్పారు. వాళ్లు మళ్లీ ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు. చివరి మనిషి దిగేదాకా బాపు తాటిమొద్దును రెండు చేతులా పట్టుకునే నిలబడ్డాడు, తాను పట్టుకుంటేనే అది ఆగుతుందన్నట్టు.

ఆ తర్వాతి ఎండాకాలం ఆయనే నేల తవ్వి, బావి పూడిక తీసి, అడుగు నుంచి రాతికట్టు లేపాడు. సేఠు వద్దనలేదు, తొందర పెట్టలేదు. ఒక వానాకాలం దుకాణం మూసి ఉంచి, ఆ నేల నీళ్లు తాగాకనే మళ్లీ తెరిచాం. ఆ మేడ తర్వాత నలభై ఏళ్లకు పైగా నిలబడింది. బజారులో అందరూ బాపు చేతిని మెచ్చుకున్నారు. అమ్మ ఆ ఎర్రగాజు మహిమ అనేది.

గోడ మీది ఆ పగులుకు బాపు మళ్లీ గాజు ముక్క పెట్టాడు. రోజూ సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కోకముందే, దుకాణంలో స్టూలు వేసుకుని ఎక్కేవాడు. మలారాలు తప్పించి, కనబడని ఆ గాజును ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో తడిమి చూసుకునేవాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు, అమ్మకు ఒక్క మాట చెప్పలేదు. నేను అత్తవారింటికి పోయేదాకా ఆ దుకాణంలోనే ఉన్నాను. అన్నేళ్లలో ఒక్క సాయంత్రం కూడా, గాజెట్లున్నది బిడ్డా అని అడగలేదు.

స్టూలు పట్టుకొమ్మనేవాడు. పట్టుకునేదాన్ని.